పక్క నుంచి చూస్తే

"గదవకు మంచి డాక్టరమ్మ ఉన్నదంట. పోదామా?" అన్నాడు ఎల్లేష్, పొద్దున ఏడింటికి చాయ్ గ్లాసు పట్టుకుని వంటింటి గడపలో నిలబడి.

బేబీ జొన్నరొట్టె తడుతోంది. "ఎవరి గదవకు?" అని అడిగింది తలెత్తకుండానే. పుస్తకాల్లో చుబుకం అని రాస్తారు గానీ హైదరాబాద్ పాతబస్తీలో, ఈ ఛత్రినాకలో గదవే. ఆ ఇంట్లో అవి నాలుగున్నాయి. అత్తది, మొగుడిది, కూతురిది, తనది. మొగుడిది గుబురు గడ్డం వెనకాల ఉంది కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

"నీకే. ఇన్నేండ్ల సంది కష్టపడుతున్నవ్. నీ కోసం నేనేం జేసిన చెప్పు?"

రొట్టె చేతి కింద చినిగింది. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఎల్లేష్ నోట ఆ ప్రశ్న రావడం అదే మొదలు. జవాబు చెప్పమంటే బేబీ దగ్గర చాలా ఉంది, కానీ అతను జవాబు కోసం నిలబడలేదు. కూతురు సోనీని చూడటానికి ఈ ఆదివారం కాక ఆ మీది ఆదివారం పిల్లగాని వాళ్ళొస్తున్నారు గదా, నువ్వు కూడా జర మంచిగా కనబడాలె అని, గురువారం తనకు వీక్లీ ఆఫ్ అని, ఆ రోజే పోదామని చెప్పి డిపోకు వెళ్ళిపోయాడు. అతను బస్సు డిపోలో మెకానిక్. బస్సుకు ఏం జబ్బు వచ్చిందో చప్పుడు విని చెప్తాడని పేరు. ఇంట్లో మనిషి చప్పుళ్ళు మాత్రం అతని చెవికి ఎక్కవు.

బేబీకి నలభై నాలుగేళ్ళు. అయిదో ఆడపిల్ల అనేసరికి పేరు వెతికే ఓపిక లేక ఇంట్లో బేబీ అన్నారు, అదే బళ్ళోకి, అక్కణ్ణుంచి ఆధార్ కార్డులోకి ఎక్కింది. ముందుగదిలో ఆమె బ్యూటీ పార్లర్ నడుపుతుంది. పార్లరంటే ఒక నిలువుటద్దం, ఒక తిరిగే కుర్చీ, ఒక తెర. తెరకు ఇవతల కనుబొమ్మలు, అవతల అత్త కాశమ్మ మంచం. దారం ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుని, రెండో కొస వేళ్ళకు చుట్టుకుని ఎవరి కనుబొమ్మో సరిచేస్తూ ఉండగానే తెర వెనక నుంచి కేక వస్తుంది, మంచినీళ్ళనో, గోలీ అనో. నోట్లో దారంతో మనిషి పలకలేదు. పలకకపోతే, "పిలిస్తే వినవడది. ఇంట్ల కూసోని దారం గుంజుడే గదా, అదేం డ్యూటీనా?" అంటుంది కాశమ్మ. ఎల్లేష్‌ది డ్యూటీ. బేబీది టైంపాస్. కరెంటు బిల్లు, సోనీ కాలేజీ ఫీజు ఆ టైంపాస్‌లోంచే వెళ్ళాయన్నది వేరే సంగతి.

గదవ సంగతి కాపురానికి వచ్చిన మూడో రోజు నుంచి ఉంది. "కింది పెదవి దిగంగనే ముఖం అయిపోయి మెడ మొదలైతది మా కోడలికి," అని కాశమ్మ పక్కింటి వాళ్ళతో చెప్పింది, బియ్యం ఏరుతూ, ఏ కోపమూ లేకుండా. పెళ్ళిలో ఫోటోగ్రాఫర్‌కు కూడా ఆవిడే చెప్పింది, పక్క నుంచి తియ్యొద్దని. ఆల్బమ్ మొత్తంలో బేబీ ఎదురుగానే ఉంటుంది, పోలీసులు తీసిన ఫోటోలో లాగా. సోనీ పుట్టినప్పుడు పొత్తిళ్ళలో పిల్లను చూసి, "అయ్యో, తల్లి గదవే వచ్చింది పోరికి," అని నిట్టూర్చింది. ఎల్లేష్ అయితే నలుగురిలో ఉన్నప్పుడే అంటాడు. "పక్క నుంచి చూస్తే మా బేబీకి మెడ, ముఖం ఒక్కటే." అందరూ నవ్వేవాళ్ళు. బేబీ కూడా నవ్వేది. వాళ్ళ నవ్వుకన్నా ఆ తన నవ్వు తలచుకుంటేనే ఆమెకు ఎక్కువ సిగ్గేస్తుంది.

అలాంటి మనిషి ఇప్పుడు డాక్టరమ్మ అంటున్నాడు. బేబీకి దవడపన్ను నొప్పి లేచి ముఖం ఉబ్బితే లవంగం పెట్టుకోమన్నవాడు. పార్లర్‌కు ఈ కుర్చీ కొనటానికి రెండేళ్ళు ఆలోచించి, చివరికి సెకండ్ హ్యాండ్‌ది చాలని తేల్చినవాడు. ఊరికే రారు మహానుభావులు అంటారు, ఊరికే ఇవ్వరు కూడా. రొట్టెలు అయిపోయేలోపు బేబీ మూడు అనుమానాలు పడింది. ఎవతైనా ఉందా? ఉంటే తన గదవ బాగు చేయించాల్సిన అవసరం ఏముంది, ఉన్నదాన్ని అట్లాగే ఉండనిస్తాడు గానీ. డిపోలో ఏమైనా తప్పు చేశాడా? తప్పు చేస్తే అన్నం తినడు, నిన్న రాత్రి రెండుసార్లు వడ్డించుకున్నాడు. తనకేమైనా జబ్బని తెలిసిందా? ఆ ఆలోచనకు మెడ తడుముకుంది. గడ్డలేమీ తగల్లేదు.

అసలు అనుమానం పది గంటలకు వచ్చింది. కాశమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి, ఆమె ముందు చాయ్ కప్పు పెట్టింది. బేబీ ఆ కప్పు వంక చూసింది, అత్త వంక చూసింది. "తాగు బిడ్డా, సల్లారిపోతది," అంది కాశమ్మ. ఇరవై మూడేళ్ళలో ఆ చేతి చాయ్ బేబీ ఎరగదు. మొగుడి ప్రేమ ఒక్కటే అయితే ఏదో గాలి సోకిందనుకోవచ్చు. ఇద్దరికీ ఒకేరోజు సోకిందంటే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారన్న మాటే.

మధ్యాహ్నం ఖైసర్ బేగం వచ్చింది. మొఘల్‌పురా నుంచి ఇరవై రోజులకొకసారి ఆటో ఎక్కి వస్తుంది. ఆ చుట్టుపక్కల పార్లర్లు లేక కాదు, బేబీ చెయ్యి నొప్పి పుట్టించదని. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. బుర్ఖా తీసి మేకుకు తగిలించి, కుర్చీలో వాలి, కనుబొమ్మ పైచర్మం వేళ్ళతో బిగించి పట్టుకుని, కళ్ళు మూసుకునే, బేబీ దారం వదిలినప్పుడల్లా చెప్పిందంతా విన్నది.

"సునో బేబీ," అంది చివరికి. "మా ఆయన అస్లాం సాబ్ ఒకసారి గుడిమల్కాపూర్ పూల మండీకి పోయి నాకు గంపెడు గులాబీలు తెచ్చిండు. నేను మురిసిపోయిన. తెల్లారే వాళ్ళక్క ఆరుగురు పిల్లలను తీస్కోని నెల రోజులకు దిగింది. మొగోని మెహర్బానీకి వెనకాల డిక్కీ ఉంటది. నువ్వు డిక్కీ తెరిచి చూడు."

"ఏముంటదంటవ్ ఆపా అందుల?"

"నాకేం తెలుస్తది? నీ ఇంటి బండి అది. నాకైతే ఒకటే అనిపిస్తుంది. నీ ముఖం నీ కోసమైతే నిన్ను అడిగి డాక్టర్‌ను చూడాలె. డాక్టర్‌ను చూసినంక నిన్ను అడిగిండంటే అది నీ కోసం కాదు."

బేబీ మళ్ళీ దారం నోట పెట్టుకుంది. జవాబు చెప్పకుండా తప్పించుకోవటానికి అప్పుడప్పుడు అది పనికొస్తుంది.

ఆమెకు అనుమానం ఒక్కటే ఉంటే బాగుండేది. ఆశ కూడా ఉంది, బాధ పెట్టింది అదే. తలుపు వేసి ఫోన్‌లో చూసింది. మెడ వెనక్కి వంచి పైకప్పును ముద్దు పెట్టుకున్నట్టు మూతి చాపే వ్యాయామాలు చూసింది, అయిదు నిమిషాలు చేస్తే మెడ పట్టేసింది. గదవలోకి జెల్ ఎక్కించే సూదులు, దాని కింది కొవ్వు కరిగించే సూదులు, లోపల పెట్టే సిలికాన్ ముక్క, ఎముకనే కోసి ముందుకు జరిపి బిగించటం, అన్నీ చూసింది. ఎముక కోసేది చూసినప్పుడు ఫోన్ బోర్లా పెట్టేసింది. కాసేపటికి మళ్ళీ తిప్పింది. పెళ్ళికూతుళ్ళకు గదవ చిన్నదైతే ఏం చెయ్యాలో ఆమెకు బాగా తెలుసు. దవడ కింద ముదురు గోధుమరంగు పౌడరు, గదవ కొన మీద లేత రంగు చుక్క, వేలితో కలపటం. ఎంతమందిని ముహూర్తం దాకా అలా దాటించిందో. తనకెప్పుడూ వేసుకోలేదు. ఆ సాయంత్రం వేసుకుంది. పక్కకు తిరిగి చేతి అద్దంలో పెద్ద అద్దాన్ని చూసింది. అందులో ఉన్న ఆడమనిషిని ఎవరూ ఏమీ అనరు. బేబీకి ఏడుపొచ్చింది. వెంటనే కొబ్బరినూనె రాసి తుడిచేసుకుంది.

తుడుచుకుంటుంటే సోనీ గుర్తొచ్చింది. ఆ పిల్ల మీద అనుమానం రెండు నెలల నాటిది, ఇప్పటిదాకా దానికి ఒక రూపం రాలేదు. సోనీకి ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయి ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో అకౌంట్లు చూస్తుంది. జ్ఞానదంతం తీయించుకోవాలని తండ్రితో వెళ్ళి, వాచిన ముఖంతో మాస్క్ వేసుకుని వచ్చింది. వాపు తగ్గాక కూడా చాలా రోజులు మాస్క్ తియ్యలేదు, దుమ్మంది. పదహారో ఏట నుంచి పదిహేను రోజులకొకసారి తల్లి ముందు కూర్చుని పైపెదవికి, గదవకు థ్రెడింగ్ చేయించుకున్న పిల్ల, ఇప్పుడు ఆఫీసు పక్కన చేయించుకుంటున్నానంటుంది. పార్లర్ ఆమె కూతురు వేరే పార్లర్‌లో డబ్బులిచ్చి దారం గుంజించుకోవడమేమిటి? తల దువ్వుతూ అలవాటుగా గదవ పట్టుకోబోతే ముఖం వెనక్కి లాగేసుకుంటోంది. మాట్లాడేటప్పుడు చెయ్యి గదవ మీదికి పోతుంది, కప్పుకున్నట్టు. ముఖం కొంచెం నిండింది కూడా. ఉద్యోగంలో సుఖపడిందనుకుంది బేబీ. ప్రేమేమో అని కూడా అనుకుంది. వెయ్యి ముఖాలు సరిచేసిన చెయ్యి తన కడుపున పుట్టిన ముఖం దగ్గరికొచ్చేసరికి ఎంత మొద్దుబారిందో తరువాత గానీ తెలియలేదు.

గురువారం స్కూటర్ మీద మూసీ దాటారు. క్లినిక్ నగరం అవతలి కొసన ఉంది. గోడలు తెల్లగా, చల్లగా, అగర్బత్తి కాని ఏదో వాసన. కౌంటర్‌లో షారోన్ అని పేరు బిళ్ళ పెట్టుకున్న అమ్మాయి నవ్వి, బేబీ నోరు తెరవకముందే అన్నది.

"సోనీ వాళ్ళ మదర్ కదా ఆంటీ? ఫైల్ కలిపి పెట్టేశాను. సోనీకి వచ్చిన షేపే మీకూ కావాలని అంకుల్ ఫోన్‌లో చెప్పారు."

ఎల్లేష్ నీళ్ళ సీసా మూత తిప్పుతూ గోడమీది బొమ్మలు చూస్తున్నాడు. ఆ గదిలో అంత ఏకాగ్రతతో బొమ్మలు చూస్తున్నవాడు అతనొక్కడే.

షారోన్ ఆమెను తెల్లగోడకు ఆనించి నిలబెట్టి ఎదురు నుంచి, ఎడమ నుంచి, కుడి నుంచి ఫోటోలు తీసింది. సరిపోల్చటానికి కంప్యూటర్‌లో సోనీ ఫోటోలు తెరిచింది. చేయకముందుది, చేసిన తరువాతిది రెండూ పక్క పక్కనే ఉన్నాయి. చేసిన తరువాతి ఫోటోలో గదవ మొనదేలి ఉంది, బాగుంది, కాదనటానికి లేదు. బేబీ మాత్రం ముందు ఫోటోనే చూసింది. పసుపుపచ్చ డ్రెస్సు, జుట్టు చెవుల వెనక్కి పెట్టుకుని, ఇదే గోడకు ఆనుకుని, ఎవరో కొట్టబోతున్నట్టు కళ్ళు బిగించుకున్న పిల్ల. తన పిల్ల. ఆ రోజు పక్కన తల్లి లేదు. పన్ను నొప్పని నమ్మి ఇంట్లో మెత్తటి అన్నం వండుతూ కూర్చుంది. కోపం ఎవరి మీదో ఇంకా తేల్చుకోలేదు.

డాక్టరమ్మకు యాభై ఉంటాయి, తొందరలో ఉంది, మాట సూటి. బేబీ ముఖాన్ని రెండు వేళ్ళతో పట్టి అటూ ఇటూ తిప్పింది. సోనీకి పెట్టింది జెల్ అని, ఏడాది, మహా అయితే ఏడాదిన్నర ఉంటుందని, తరువాత మళ్ళీ పెట్టించుకోవాలని చెప్పింది. అది తల్లికి తెలిసే ఉంటుందన్నట్టు చెప్పింది. తరువాత గదవ కింద ఎముక వెంట బొటనవేలు జరిపి ఆగింది.

"మీ ఎముక బాగానే ఉందమ్మా. కొంచెం చిన్నది, అంతే. వయసుకు మెడ చర్మం వదులైంది, కింద కాస్త కొవ్వు చేరింది. మీకు అమ్మాయికి చేసిందే చేస్తే నప్పదు. అమ్మాయిది వేరు. ఎముకే వెనక్కి ఉంది."

"నా పోలికే అంటరు అందరు," అంది బేబీ.

"కాదు," అంది డాక్టరమ్మ, చేతులు తుడుచుకుంటూ. ఎల్లేష్ వైపు ఒక్కసారి, బండి టైరు చూసినట్టు చూసింది. "సార్‌దీ అమ్మాయిదీ ఒకటే ఎముక. పక్క నుంచి చూస్తే తెలుస్తుంది. మగవాళ్ళు దీనికి మా దగ్గరికి పెద్దగా రారు లెండి. గడ్డం పెంచుకుంటే సరిపోతుంది."

అది ఆవిడకు పెద్ద మాట కాదు. తరువాతి పేషెంట్‌ను పిలవమని గంట కొట్టింది. ఆలోచించుకుని రమ్మని, తొందరేమీ లేదని బేబీకి చెప్పింది.

స్కూటర్ మీద వెనక కూర్చుని, బేబీ మొగుడి ముఖాన్ని మొదటిసారి పక్క నుంచి చూసింది. గుబురుగా, నీటుగా కత్తిరించిన గడ్డం. పెళ్ళిపీటల మీద కూడా ఉంది. పెళ్ళికొడుకు నున్నగా గీయించుకోవాలని పెద్దలు పట్టుబడితే వినలేదట, పౌరుషం అన్నారు. కొమురెల్లి మల్లన్న దగ్గర గుండు కొట్టించుకున్నప్పుడు తల ఇచ్చాడు గానీ గడ్డం మీద మంగలి చెయ్యి పడనివ్వలేదు. అప్పుడు అందరూ నవ్వుకున్నారు. ఇన్నేళ్ళలో ఊళ్ళోవాళ్ళందరి గదవలూ పట్టుకుని పైకెత్తి చూసింది, ఈ ఒక్కటీ చూడలేదు. చేత్తో తడిమి చూసేంత ముద్దుమురిపాలు ఆ కాపురంలో లేవు.

మూసీ మీది నయాపుల్ దాటాక ఎల్లేష్ నోరు తెరిచాడు. పిల్లగాని తల్లి పట్టింపు మనిషట. ఫోటోలో పిల్ల నచ్చింది, కానీ తల్లిని చూడాలె అన్నదట.

"తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అంటరు గదా. రేపు నిన్ను చూసి, పిల్లది అసలుది కాదని అనుమానపడితే? అందుకని నీది గూడ జర సరిజేయిస్తే లొల్లి ఉండదని. ముందుగాల చెప్తే నువ్వు బాధపడ్తవని చెప్పలే."

అదీ డిక్కీలో ఉన్న సామాను. కూతురి ముఖం మీద ఒక అబద్ధం పెట్టారు. ఆ అబద్ధానికి సాక్షి తల్లి ముఖం, కాబట్టి సాక్షిని మార్చాలి. ఇన్నేళ్ళు కష్టపడ్డందుకు ఇచ్చే కానుక ఇది. బేబీ స్కూటర్ వెనక కడ్డీ గట్టిగా పట్టుకుంది. ఆ పొద్దున చినిగిన రొట్టె కూడా రాత్రి అతనే తిన్నాడని గుర్తొచ్చింది. ఆ రోజు అతని మాటకు రొట్టె తన చేతి కింద చినిగింది అనుమానంతో ఒక్కటే కాదు, ఆశతో కూడా, అది ఆమెకు తెలుసు. అది తలచుకునే ఎక్కువ మండింది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, తిన్నగా తెర పక్కకు జరిపి అత్త మంచం పక్కన కూర్చుంది. ఎల్లేష్ బయటే ఆగిపోయాడు, స్కూటర్‌కు ఏదో చూడాల్సి ఉన్నట్టు.

"అత్తమ్మా, ఈయన గడ్డం రాకముందు ఎట్లుండె?"

కాశమ్మ వక్క నమలటం ఆపింది. ఇదివరకైతే ఎవరైనా ఆవిడను ఇలా సూటిగా అడిగితే ఇల్లు లేచిపోయేది. ఇప్పుడు ఆవిడకు డెబ్బై నాలుగు. కొన్నాళ్ళుగా నిజాలు బరువనిపిస్తున్నాయేమో, లేదా బేబీ ముఖంలో ఏం కనిపించిందో, తప్పించుకోలేదు. తన మొగుడు ఎల్లప్ప గదవ కూడా అట్లాగే వెనక్కి ఉండేదని, పిల్లవాడికి పదేళ్ళప్పుడే ఆయన పోయాడని, వాడిని బళ్ళో పిల్లలు కోడిపిల్ల అని పిలిస్తే ఇంటికొచ్చి ఏడ్చేవాడని చెప్పింది. గడ్డం వచ్చినరోజు ఎల్లమ్మకు కల్లు పోసి మొక్కు తీర్చుకుందట.

"మూడు సంబంధాలు చూసినం నీకంటె ముందు," అంది కాశమ్మ కిటికీ వైపు చూస్తూ. "అందరు చక్కటి పిల్లలే. నాకు భయమైంది. చక్కటి పిల్ల పక్కన నిలవడితే అందరు పిలగాని ముఖం జూస్తరు. నిన్ను చూసిన్నాడు మనసు నిమ్మలమైంది. ఈ పిల్లైతే అందరు ఈమె గదవే జూస్తరు, నా కొడుకుది ఎవ్వరు జూడరు అనుకున్న. పిల్లలకొచ్చినా తల్లిదంటరు."

పెళ్ళిచూపుల రోజు బేబీకి బాగా గుర్తుంది. కాశమ్మ తనను పక్క నుంచి చాలాసేపు చూసి, తృప్తిగా నవ్వి, తాంబూలం పుచ్చుకుందాం అన్నది. గదవ చిన్నదైనా కాదనకుండా చేసుకున్నారని బేబీ తల్లి బతికినన్నాళ్ళూ ఈ ఇంటివాళ్ళకు మొక్కింది. బేబీ కూడా ఆ మాటకే తల వంచుకుని ఉంది. ఎన్ని మాటలన్నా, చేసుకున్నారు గదా అని. వాళ్ళు చేసుకుంది గదవ చిన్నదైనా కాదు, చిన్నదనే. పక్కింటివాళ్ళ ముందు బియ్యం ఏరుతూ అన్న మాట, పొత్తిళ్ళలో పిల్లను చూసి పెట్టిన నిట్టూర్పు, నలుగురిలో మొగుడి వేళాకోళం, అన్నీ ఒకే పనికి. చూసేవాళ్ళ చూపు ఇటే ఉండాలి, అటు పోకూడదు.

బేబీకి ఆశ్చర్యంగా నవ్వొచ్చింది. ఈసారి నవ్వినందుకు సిగ్గనిపించలేదు. "చాయ్ తాగుతవా అత్తమ్మా?" అని అడిగి, పెట్టుకొచ్చి ఇచ్చింది. పాపం, ముసలామె ఆ కప్పు చాలాసేపు అట్లాగే పట్టుకుని కూర్చుంది, అందులో ఏముందోనని.

సోనీ ఆరింటికి వచ్చింది. తల్లి కుర్చీ చూపించింది. ఇద్దరూ అద్దంలో ఒకరినొకరు చూసుకున్నారు. అడగకుండానే సోనీ ఏడ్చేసింది. చెప్పొద్దని నాన్న అన్నాడట. తల్లికి తెలిస్తే తన పోలికను తీసేసుకుందని మనసు నొచ్చుకుంటుందని నానమ్మ అన్నదట.

"కానీ నాకు మంచిగనిపించింది అమ్మా," అంది ముక్కు తుడుచుకుంటూ. "అబద్ధం చెప్పను. ఆఫీసుల ఫోటో దిగేటప్పుడు ఇప్పుడు నేను వెనక నిలవడ్త లేను."

"మంచిగున్నది," అంది బేబీ. అది నిజమే. "నీ ముఖం నీది. రేపు ఉంచుకుంటవా, కరిగిపోనిస్తవా, నీ ఇష్టం. నన్నడుగకు, మీ నాయిననూ అడుగకు. కానీ దాన్ని దాపెట్టనీకి నా ముఖం ఇయ్య. నా ముఖం ఎవ్వల దాన్నో మూసే మూత కాదు. ఇరవై మూడేండ్లు అయింది, సాలు."

సోనీకి చివరి మాట అర్థం కాలేదు. అప్పుడు బేబీ డాక్టరమ్మ చెప్పిందీ, నానమ్మ చెప్పిందీ చెప్పింది. సోనీ చాలాసేపు అద్దంలో చూసుకుంది, తన ముఖంలో తండ్రిని వెతుక్కుంటున్నట్టు.

ఆ తరువాత పది రోజులు ఇంట్లో ఎవరూ గదవ అన్న మాట ఎత్తలేదు. క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది, బేబీ తీసి, అవసరం లేదమ్మా అని షారోన్‌కు నిమ్మళంగా చెప్పింది. ఎల్లేష్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు, రెండుసార్లూ డ్యూటీకి వెళ్ళిపోయాడు. శనివారం సాయంత్రం సోనీ తనంతట తనే వచ్చి పార్లర్ కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చింది. బేబీ దారం నోట పట్టింది. వేళ్ళ కింద ఆ కొత్త గదవ కొంచెం గట్టిగా తగిలింది, అంతే. దాని చుట్టూ ఉన్నది పాత సోనీనే.

"విశాల్‌కు ఫోన్ జేసి జెల్ సంగతి చెప్పిన," అంది సోనీ కళ్ళు మూసుకుని. విశాల్ అంటే రేపు చూడబోయే పిల్లగాడు. "నాకేం పట్టింపు లేదన్నడు. మా అమ్మకు మాత్రం చెప్పకు అన్నడు."

బేబీ చెయ్యి ఆగింది.

"నేనేమనలే," అంది సోనీ. "ఆదివారం రానీ, చూస్త అన్న. నేను గూడ చూడాలె గదమ్మా, వాళ్ళమ్మను."

ఆదివారం పొద్దున బేబీ తలంటుకుని, బోనాలకు కట్టుకునే ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఆ చీరలోనే ఏటా నెత్తిమీద బోనం ఎత్తుకుని గుడిదాకా నడుస్తుంది. అంత బరువూ మోసే మెడ ఇదే. పౌడరు ముట్టుకోలేదు. ముందుగదిలో తెర తీసేసి కుర్చీలు సర్దింది. వచ్చేవాళ్ళకు ఎదురుగా సోనీకి ఒకటి వేసి, తన కుర్చీని కిటికీ పక్కన అడ్డంగా వేసుకుంది, వెలుతురు పక్క నుంచి పడేట్టు.

"గట్లెందుకు ఏసినవ్?" అన్నాడు ఎల్లేష్, కొత్త చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ. "ముందట కూసో. పక్క నుంచి కనవడ్తవ్."

"కనవడాలనే."

అద్దం ముందున్న తిరిగే కుర్చీని ఆమె అతని వైపు తిప్పింది. తెల్లటి తువాలు దులిపి చేతి మీద వేసుకుంది. అరలోంచి ట్రిమ్మర్ తీసి, ప్లగ్గు పెట్టి, స్విచ్ వేసి చూసింది. అది బుర్రుమని మోగింది. కాశమ్మ మంచం మీద లేచి కూర్చుంది. సోనీ లోపలిగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"వాళ్ళు మూడింటికి వస్తరు," అంది బేబీ. గొంతు పెంచలేదు. "తల్లిని చూసి పిల్లను అన్నరు గదా. చూడనీ. ఈసారి తండ్రిని గూడ చూడనీ. వచ్చి కూసో."

ఎల్లేష్ కూర్చోలేదు, కదలనూ లేదు. అతని చెయ్యి మెల్లగా పైకి లేచి గదవను కప్పుకుంది, అచ్చం సోనీ కప్పుకున్నట్టే. గుమ్మంలో సోనీ తండ్రి చేతినే చూస్తోంది. ఆమె రెండు చేతులూ కిందికి వదిలేసి ఉన్నాయి.

"ఫికర్ జెయ్యకు," అంది బేబీ. "అలవాటైతది. నాకైంది."